ఒక్క డెక్కే తియ్యాలి

మనవరాలు తలుపు విసురుగా వేసింది. సందులో ఉన్న బల్లి తప్పించుకుంది గానీ దాని తోక తెగి గచ్చు మీద పడింది. బల్లి గోడెక్కి ట్యూబ్‌లైటు వెనక దూరింది. తోక మాత్రం ఎవరో తరుముతున్నట్టు గచ్చంతా కొట్టుకుంటూ తిరిగింది. మనవరాలు ముందు కెవ్వుమంది, తర్వాత వేళ్ళ సందుల్లోంచి చూసింది, ఆఖరికి నా పక్కన చతికిలబడింది.

“బల్లికి మళ్ళీ తోకొస్తుందా అమ్మమ్మా?”

“వస్తుంది.”

“ఇలాంటిదేనా?”

“కొంచెం పొట్టిగా, మొద్దుగా వస్తుంది. కానీ వస్తుంది.”

దానికి ఆ మాట చాలు. లేచి తన బట్టల సంచి దగ్గరికి పోయింది. రేపు పొద్దున దాని అమ్మ వస్తుంది. కొత్త ఊళ్ళో ఉద్యోగం, ఇల్లు కుదిరేదాకా ఉంచుకోమని నా కూతురు పిల్లని తెచ్చి నా దగ్గర దింపింది. ఇల్లు కుదిరింది. పిల్లని ఇక్కడే బళ్ళో వేద్దాం, నాకూ తోడుగా ఉంటుందని ఇంతకుముందే ఫోనులో నసిగాను. ఈసారి గట్టిగా అడుగుదామని పొద్దుటి నుంచి ఫోను తీయడం, పెట్టేయడం. వంటింట్లోకి వెళ్తే ఎందుకు వెళ్ళానో గుర్తుండడం లేదు. పిల్ల గౌనులు ఉతికినవే మళ్ళీ ఉతికాను. చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే ఇది. మనసు బాగోలేకపోతే నాకు కాలు నిలవదు.

తోకని చేటలోకి ఎత్తుదామని కూర్చున్నాను. ఇంకా కొట్టుకుంటూనే ఉంది. బల్లి ఏమవుతుందని అందరూ అడుగుతారు. తోక సంగతి ఎవరూ అడగరు. నేను ఒకప్పుడు అడిగాను. బల్లి తోక గురించి కాదు, పీత డెక్క గురించి.

మా ఊరు గూడెం కొత్తవీధి దాటి, ఒక కొండెక్కి దిగి, మళ్ళీ ఇంకోటి ఎక్కితే వచ్చేది. ఇప్పుడు తారు రోడ్డు పడింది, ఆటోలు తిరుగుతాయి, వాలంతా కాఫీ తోటలు. అప్పుడు ఆ వాలు మీద పోడు కొట్టి సామలు, చోళ్ళు, కందులు చల్లేవాళ్ళు. ఊరంటే గడ్డి కప్పుల ఇళ్ళు గుప్పెడు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద అటక ఉండేది. ఆ అటక మీద పొగకి నల్లబడ్డ మొక్కజొన్న కంకులు, విత్తనాలు పోసి మూతి బిగించిన సొరబుర్రలు. ఆ పొగ వాసన మా జుట్టుకీ బట్టలకీ అంబలికీ పట్టేసేది. హాస్టల్లో చేరేదాకా పొగ వాసన లేని తిండి ఒకటి ఉంటుందని నాకు తెలీదు.

ఇంట్లో మామ్మ, నేను. మామ్మంటే మా నాన్నని కన్నతల్లి. నాన్న నాకు ఊహ తెలిసేసరికే జ్వరం వచ్చి పోయాడు. అమ్మకి అప్పటికి పెద్ద వయసు లేదు. మా కొండల్లో మొగుడు పోయిన ఆడది మళ్ళీ మనువాడితే ఎవరూ తప్పు పట్టరు. కొండ గట్టుకి అటుపక్క ఊరి మనిషి ఒకడు కొండ చీపుళ్ళ కోతకి వచ్చి అమ్మని చూశాడు. అమ్మా అతన్ని చూసింది. ఒకరోజు అతని తరఫు పెద్దలు జీలుగు కల్లు కుండతో, కోడిపుంజుతో వచ్చి మా వాకిట్లో కూర్చున్నారు. మా పెద్దలూ కూర్చున్నారు. అడ్డాకు దొన్నెల్లో కల్లు తిరిగింది. ఎవరూ గొంతెత్తలేదు. ఆడమనిషి వెళ్ళొచ్చు, బిడ్డ మాత్రం తండ్రి ఇంటిది అని తేల్చారు. మా దగ్గర అదే కట్టుబాటు. అందులో అన్యాయం ఉందని అప్పుడు ఎవరూ అనుకోలేదు, అమ్మ కూడా అనుకున్నట్టు కనపడలేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ మర్నాటి పొద్దు. ఇంటి ముందు బురద, బురదలో కోళ్ళు, అమ్మ తలకి రాసుకున్న ఇప్పనూనె వాసన. అమ్మ నా ఒక చెయ్యి పట్టుకుంది, మామ్మ రెండో చెయ్యి పట్టుకుంది. మామ్మది ఉడుం పట్టు. అమ్మ చెయ్యి వెచ్చగా, చెమటగా ఉంది. కాసేపటికి ఆ వెచ్చదనం పోయింది. చూస్తే అమ్మే ముందు వదిలేసింది. మూట నెత్తిన పెట్టుకుని, వెనక్కి చూడకుండా వాలు దిగిపోయింది.

అమ్మే ముందు వదిలేసింది. ఆ తర్వాత చాలా కాలం నా బుర్రలో ఇదొక్కటే తిరిగింది.

అప్పటి నుంచి నేను ఒకచోట కూర్చున్న పాపాన పోలేదు. అంబలి సగం తాగి లేచిపోయేదాన్ని. కోళ్ళని మూస్తూ మూస్తూ గట్టు మీదకి పరుగెత్తేదాన్ని, కోళ్ళు నా వెనకే బయటికి వచ్చేసేవి. గట్టు మీంచి అటు ఊరి కాలిబాట కనబడేది. ఆ బాట మీద ఏ కొంగు కదిలినా అమ్మేననుకుని మునివేళ్ళ మీద లేచేదాన్ని. మామ్మ వాకిట్లోంచి కేకేసేది.

“ఏటే గుంటా, కాలు కాలిన పిల్లిలాగ తిరుగుతున్నావు. బేగి రా, సామలు దంచాల.”

సంత రోజైతే మరీ. మామ్మ చీపుళ్ళ కట్టలు, అడ్డాకుల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగేది. వెనక నేను. సంతంతా ఉప్పు చేపల వాసన, జిలేబీ వాసన, కొత్త గుడ్డల గంజి వాసన. అమ్మకి ఆకుపచ్చ చీర ఉండేది. ఆకుపచ్చ చీర కనబడితే చాలు, వెళ్ళి కొంగు లాగేదాన్ని. మొహం ఇటు తిప్పేసరికి ఎవరో. ఒకావిడ నవ్వి బెల్లం ముక్క పెట్టింది, ఇంకొకావిడ మొట్టికాయ వేసింది. అమ్మ ఒక్కసారీ కనబడలేదు. ఆ గట్టు వాళ్ళు వేరే సంతకి పోతారని నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు.

మా పక్కింట్లో ఒక తాత ఉండేవాడు. ఆయన ఎడమ కాలికి చివరి రెండు వేళ్ళు లేవు. పందికి పెట్టిన ఉచ్చులో తన కాలే పెట్టుకున్నాడని ఊరంతా చెప్పుకుని నవ్వేది. తాత ఆ మాట ఒప్పుకునేవాడు కాదు. అరుగు మీద కాలు చాపుకుని, వేళ్ళు లేని చోట గోక్కుంటూ, వానలు పడితే మళ్ళీ మొలుస్తాయని మా పిల్లలకి చెప్పేవాడు. మొదటి వాన పడగానే మేమంతా ఆయన కాలి చుట్టూ చేరేవాళ్ళం. ఒకడు గిల్లి చూసేవాడు, ఒకతి వాసన చూసేది. తాత తనూ వంగి, శ్రద్ధగా చూసుకుని తల అడ్డంగా ఊపేవాడు.

“ఈ యేడు వానలు సాల్నేదురా.”

మేం నమ్మేవాళ్ళం. ఎందుకు నమ్మమూ? మొలవడం అంటే ఏమిటో మేం మా గెడ్డలో కళ్ళారా చూస్తున్నాం కదా.

గెడ్డ అంటే మా వాగు. వానలు తగ్గి నీళ్ళు తేటపడి, అడుగున రాళ్ళు కనబడే రోజుల్లో మామ్మ పీతలకి పోయేది. కింది ఊళ్ళవాళ్ళు పీతని పట్టుకుంటే పీతనే కుండలో వేస్తారు. మా ఊళ్ళో పద్ధతి అది కాదు. మేం డెక్క మాత్రమే తీసుకునేవాళ్ళం. డెక్కలంటే పీతకి ముందుండే రెండు పెద్ద కాళ్ళు, మనల్ని కొరికేవి. ఆ రెండిట్లో ఒక్కటే తియ్యాలి. తీసి పీతని నీళ్ళలో వదిలెయ్యాలి. గిన్నెడు పచ్చడికి గెడ్డంతా తిరగాల్సి వచ్చేది. అయినా మామ్మ పీతని పీతలా ఇంటికి తేవడం నేను చూడలేదు.

తియ్యడం కూడా అందరికీ వచ్చే పని కాదు. మామ్మ మెల్లిగా రాయి ఎత్తి, పీత వీపు మీద రెండు వేళ్ళు ఆనించి పైకి తీసేది. ఒక డెక్కని మొదలుకి కాస్త ఇవతల పట్టుకుని గట్టిగా నొక్కేది. లాగేది కాదు. నొక్కి అలాగే ఉండేది, కదలకుండా, మాట్లాడకుండా. పీత గింజుకునేది, తక్కిన కాళ్ళతో గాలిలో ఈదేది. నాకు చూస్తుంటేనే ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. లాగెయ్యొచ్చు కదా అని కాళ్ళు కొట్టుకునేదాన్ని. ఉన్నట్టుండి చిన్న చప్పుడు. డెక్క మామ్మ చేతిలో ఉండేది, పీత నీళ్ళలో ఉండేది. తెగినచోట కారడం, చీలడం ఏమీ లేదు, ఒక తెల్లటి మచ్చ అంతే.

“పీకీసినావా మామ్మా?” అని మొదటిసారి చూసినప్పుడు అడిగాను.

“నానేటి పీకనేదు. పీకితే సచ్చిపోతాది. అదే ఒగ్గీసింది.”

“ఎందుకొగ్గీసింది?”

“నాను పట్టుకున్నాను గదా. ఒగ్గకపోతే ఎలాగెల్తాది?”

“రెండోది కూడా తీసీ.”

“రెండూ తియ్యకూడదే. ఒకటుంటే కన్నం తవ్వుకుంటాది, తింటాది, బతుకుతాది. బతికుంటే ఇది మల్లీ మొలుత్తాది.”

మొలిచినవి కూడా చూపించేది. ఒక పక్క పెద్ద డెక్క, ఇంకో పక్క లేత రంగులో బుల్లి డెక్క ఉన్న పీత దొరికితే, చేత్తో తిప్పి చూసి, “ఇది పోయినేడు మనం తిన్నదే” అని నవ్వి వదిలేసేది. ఒక్కోసారి రాయి కింద పీత చచ్చి పడి ఉండేది, కళ్ళతో కాళ్ళతో సహా. నేను అయ్యో అని చేతిలోకి తీస్తే తేలిగ్గా, డొల్లగా ఉండేది. చావలేదు, చొక్కా విప్పుకుని పోయిందనేది మామ్మ. పక్క రాయి కింద వెతికితే ఆ పీతే మెత్తగా, వణుకుతూ, కొత్త డెక్కతో దాక్కుని కనబడేది. పాత చొక్కాలో ఇరుక్కుని ఉన్నంతసేపూ చిన్న మొటిమలా ఉన్నది, అది విప్పగానే డెక్కై చాచుకుంటుంది. అలాంటిదాన్ని ముట్టుకోనిచ్చేది కాదు.

ఇంటికొచ్చాక డెక్కల్ని నిప్పుల్లో పెట్టి కాల్చేది. ఎర్రబడ్డాక రాతితో చితక్కొట్టి, లోపలి తెల్లటి కండ తీసి, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఉప్పు వేసి బండ మీద నూరేది. చోడంబలిలో ఆ పచ్చడి నంజుకుంటే ముక్కులోంచి నీళ్ళు కారేవి. నేను ఇన్ని ఊళ్ళు తిరిగి ఇన్ని కూరలు తిన్నాను. అంత రుచి మళ్ళీ తగల్లేదు. తగిలినా ఒప్పుకోనేమో.

అయితే నేను చెప్పేది అమ్మ వెళ్ళిపోయిన తర్వాతి పీతల కాలం సంగతి. ఆ రోజు మామ్మ చేతిలో డెక్క వదిలేసి పీత నీళ్ళలోకి జారిపోతుంటే, నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రాయి తీసుకుని దాని మీదకి విసిరాను. తగల్లేదు. ఇంకోటి తీశాను.

“ఏటి సేత్తన్నావే? నిన్నేటి సేసింది అది?”

“అదే ముందొగ్గీసింది” అన్నాను.

మామ్మకి ఆ మాట అర్థం కాలేదు. లేదా అర్థం కానట్టు ఊరుకుందేమో. మామ్మ చేతిలో ఉన్న డెక్కని చూశాను. అది ఇంకా మెల్లగా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. పీత గురించి మామ్మకి అంతా తెలుసు. దానికి మళ్ళీ మొలుస్తుంది, దాని బతుకు అది బతుకుతుంది. మరి దీనికి?

తాతనడిగాను. డెక్కకి పీత మొలుస్తుందా అని. తాత ఆ పూట కల్లు మీద ఉన్నాడు, మంచి హుషారుగా ఉన్నాడు.

“మొలవదేటి? నా యేళ్ళు రెండూ ఆ కొండ మీద పడిపోనాయి గదా. ఈపాటికి ఇద్దరు తాతలై ఉంటాయి. ఎక్కడో కల్లు తాగతా తిరుగుతుంటాయి.”

నాకు ఇది సబబుగానే అనిపించింది. మా ఇంట్లో మామ్మ ఏది నాటినా ముక్కే నాటేది. పసుపు కొమ్ము విరిచి ముక్క పాతితే మొక్క వచ్చేది. అల్లం ముక్కా అంతే. దుంపని కోసి కన్ను ఉన్న ముక్క పెడితే తీగ వచ్చి, ఆ తీగకి మళ్ళీ దుంపలు. ముక్కలోంచి మొత్తం వస్తుందని తెలిసిన పిల్లకి, డెక్కలోంచి పీత రాదని ఎందుకు తోస్తుంది? ఒక డెక్కని గౌను జేబులో వేసుకున్నాను. నోరు పగిలిన కుండ ఒకటి తెచ్చి, గెడ్డ ఇసక పోసి, తడిపి, డెక్కని అందులో పాతాను. కట్టెల మోపు వెనక దాచాను. ఆకలేస్తుందని రోజూ నాలుగు చుక్కల అంబలి పోశాను.

పాతినదాన్ని తవ్వి చూస్తే కుళ్ళిపోతుందని పసుపు విషయంలో మామ్మ నన్ను చాలాసార్లు తిట్టింది. తెలిసినా చెయ్యి ఆగేది కాదు. పొద్దున లేస్తూనే తవ్వేదాన్ని, కోళ్ళని వదిలి తవ్వేదాన్ని, గట్టెక్కి బాట చూసొచ్చి మళ్ళీ తవ్వేదాన్ని. ఇసకలో డెక్క నల్లబడుతోంది. నల్లబడితే లోపల ఏదో జరుగుతోందనుకున్నాను. ఒకసారి తెల్లటి పురుగులు కనబడ్డాయి. అవి పీత కాళ్ళనుకుని ఎంత సంబరపడ్డానో ఇప్పుడు చెప్తే నవ్వుతారు.

తర్వాత కంపు మొదలైంది. ఎలక చచ్చిందని మామ్మ అటక మీద వెతికింది, చాపలు దులిపింది, పక్కింటి తాతని కూడా అనుమానించింది. ఆఖరికి ఈగల్ని పట్టుకుని కట్టెల వెనక కుండ దగ్గరికి వచ్చింది. వేలితో ఇసక కదిపి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏటిది?”

“డెక్క.”

“తెలుత్తాంది. ఇక్కడెందుకు పెట్టినావు?”

“పాతినాను. పీత మొలుత్తాదని.”

మామ్మ నవ్వబోయింది. నా మొహం చూసి ఆగింది.

“పీతకి డెక్క మొలుత్తాది గదా మామ్మా. డెక్కకి పీత మొలవదేటి?”

“మొలవదే. డెక్కకి పేనం ఉండదు.”

“నాకుంది గదా” అన్నాను.

నేను ఆలోచించి అన్న మాట కాదది. నోట్లోంచి వచ్చేసింది. మామ్మ కుండ ఎత్తుకుని వెనక్కి తిరిగింది. పెరట్లోకి వెళ్ళి ఇసక పారబోసి, ఖాళీ కుండని కడిగిందే కడుగుతూ కూర్చుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. పొద్దుటి అంబలి నా ముందు పెట్టి, తను తాగకుండా గుమ్మంలో కూర్చుంది. నేను ఏం తప్పు చేశానో తెలీక ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే నాకు తలకి నూనె రాసి, బిగించి జడ వేసింది. ఉడకబెట్టిన దుంపలు అడ్డాకులో కట్టింది.

“పద.”

“ఎక్కడికి?”

“తెలీదేటి నీకు? రోజూ గట్టెక్కి సూత్తన్నావు గదా.”

గట్టు దాటాం. నేను అంతవరకూ ఆ గట్టు దాటలేదు. దారిలో వెదురు పొదల దగ్గర మట్టి వాసన, ఎక్కడో తేనెపట్టు వాసన. మామూలుగా అయితే వాలు దిగేటప్పుడు మామ్మ నా మణికట్టు వదిలేది కాదు. ఆ రోజు మూట నెత్తి మీద లేకపోయినా, ఉన్నట్టే రెండు చేతులూ పైకెత్తి తల మీద పెట్టుకుని నడిచింది. గెడ్డ మీద దుంగ దాటుతూ నేను జారాను. మామ్మ చెయ్యి ఒక్కసారి నా వైపు వచ్చింది. నేను నిలదొక్కుకోగానే మళ్ళీ తల మీదకి పోయింది.

అమ్మ ఇంటికి చేరేసరికి వాకిట్లో పెద్ద డేగిశాలో పసుపు ఉడుకుతోంది. ఆ ఘాటు ఊరి మొదట్లోనే ముక్కుకి తగిలింది. అమ్మ మోచేతుల దాకా పచ్చగా ఉంది. నన్ను చూసి కర్ర కింద పడేసి, పరుగున వచ్చి, మామ్మని చూసి సగంలో ఆగిపోయింది.

“నాను తేనేదు. అదే వచ్చింది” అంది మామ్మ. “దానికిష్టమైనన్నాల్లు ఉండనీ.”

“మరి పెద్దలు?” అంది అమ్మ.

“పెద్దలకి నాను సెప్పుకుంటాను.”

అప్పుడు పట్టుకుంది అమ్మ నన్ను. నా గౌను నిండా పచ్చటి చేతుల ముద్రలు పడ్డాయి. ఆ గౌను చిరిగిపోయేదాకా అవి పోలేదు. మామ్మ, అమ్మ ఇచ్చిన నీళ్ళు తాగి, కాసేపు పసుపు ఎలా ఉడికిందో చూసి, ఇంకాస్త మంట తగ్గించమని చెప్పి లేచింది. నేను అమ్మ కుచ్చిళ్ళ చాటు నుంచి చూస్తున్నాను. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని బాట పట్టింది. మామ్మ అంత పొట్టి మనిషని నాకు అప్పటిదాకా తెలీదు.

అమ్మ ఇంట్లో ఉయ్యాల్లో ఒక తమ్ముడున్నాడు. అరచేతులంత పాదాలు కూడా లేవు వాడికి. లేత రంగు, మెత్తన. చూడగానే నాకు తెలిసిపోయింది, వీడు అమ్మకి కొత్తగా మొలిచిన డెక్క. ఎవరూ లేనప్పుడు వాడి కాలు పట్టుకుని మామ్మలాగే గట్టిగా నొక్కి, కదలకుండా ఉన్నాను. ఊడలేదు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. అమ్మ వచ్చి నా వీపు మీద ఒకటి వేసింది. ఆ ఇంటికొచ్చాక అమ్మ కొట్టిన మొదటి దెబ్బ అది, నాకు మనసు కుదుటపడింది.

ఆ ఇంటి మనిషి మంచివాడే. నాకు వెదురుతో బూర చేసిచ్చాడు. అన్నం బాగుంది, అమ్మ పక్కలో పడుకోవడం బాగుంది. అయినా కొన్నాళ్ళకి నాకు మళ్ళీ కాలు నిలవడం మానేసింది. ఇప్పుడు ఇటు గట్టెక్కి అటు చూడ్డం మొదలుపెట్టాను.

ఉడికిన పసుపు ఎండాక అమ్మ బండ మీద వేసి పాముతోంది, పై తొక్క పోయేలా. నేను ఎదురుగా కూర్చుని కొమ్ములు అందిస్తున్నాను. అంతవరకూ ఆపుకున్న మాట అప్పుడు అడిగేశాను.

“ఆ రోజు నువ్వే ఎందుకు ముందొగ్గీసినావు?”

అమ్మ పామడం ఆపలేదు. చేతిలో కొమ్ము పూర్తిచేసి ఇంకోటి తీసుకుంది. అడగాల్సింది కాదేమోననుకున్నాను.

“మీ మామ్మకి ఒక డెక్క అప్పటికే పోనాది” అంది. “మీ నాన్న. మిగిలింది నువ్వు. నిన్ను కూడా నాను పట్టుకెల్లిపోతే ఏటి పెట్టుకుని బతుకుతాది ఆవిడ?”

నేను కొమ్ము అందివ్వడం మర్చిపోయాను.

“రెండూ తియ్యకూడదే. నాను మీ ఇంటికి కోడలుగా వచ్చిన కొత్తలో గెడ్డకి తీసుకెల్లి మీ మామ్మే నేర్పింది నాకు.”

అంతే అంది. మళ్ళీ పసుపు పామింది. పొడి దుమ్ము కళ్ళలో పడిందో ఏమో, మోచేత్తో తుడుచుకుంది. నాకు ఆ వయసుకి అంతా అర్థమైందని చెప్పను. కానీ అమ్మ నన్ను పారేసి పోలేదనీ, మామ్మ కోసం వదిలి వెళ్ళిందనీ మాత్రం తెలిసింది. నన్ను పీతగానో డెక్కగానో చూసుకుని లెక్క కట్టుకుంటున్నాను గానీ, మామ్మ కూడా ఒక పీతే అని నాకు తట్టనే లేదు.

మా ఊరివైపు వెళ్ళే చీపుళ్ళవాళ్ళు కనబడగానే వాళ్ళ వెంట పడ్డాను. అమ్మ ఆపలేదు. దుంపలు కట్టి ఇచ్చింది, జడ వేసింది, బాట మొదటిదాకా వచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. పోతావేమిటని అడగలేదు. బెంగ ఉంది గానీ, కోపం మాత్రం ఎక్కడో జారిపోయింది.

ఇంట్లో మామ్మ లేదు. గెడ్డ దగ్గరుందని తాత చెప్పాడు. పరుగెత్తాను. మామ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి ఉంది. చేతిలో పెద్ద పీత. డెక్క మొదలుకి కాస్త ఇవతల పట్టుకుని, నొక్కి, కదలకుండా ఉంది. నేను గెడ్డ ఒడ్డున రొప్పుతూ నిలబడ్డాను. చప్పుడికి తలెత్తింది.

నన్ను చూసింది. చెయ్యి తెరిచేసింది. పీత రెండు డెక్కలతోనూ నీళ్ళలో పడి రాయి కిందికి పోయింది.

“వచ్చీసినావేటి?”

“వచ్చీసినాను.”

మామ్మ నీళ్ళలో చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది.

“ఇయాలికి కూర నేదే” అంది. “అంబలే తాగాల.”

ఆ తర్వాత నాకు రెండు ఇళ్ళు. పెద్దలు ఏమన్నారో, మామ్మ వాళ్ళకేం సర్దిచెప్పిందో నాకు తెలీదు. నా ఇష్టం వచ్చినప్పుడు గట్టెక్కేదాన్ని, ఇష్టం వచ్చినప్పుడు దిగేదాన్ని. అటున్నప్పుడు ఇటు బెంగ, ఇటున్నప్పుడు అటు బెంగ. తమ్ముడు పెరిగి నా వెనక పడి గట్టు దాటడం నేర్చాడు, మామ్మ వాడికీ పచ్చడి నూరింది. హాస్టల్లో, ఉద్యోగంలో, పెళ్ళయ్యాక కూడా నన్ను అందరూ అనే మాట ఒకటే, ఈవిడ ఒక చోట నిలవదని. నిజమే. తాత పోయినప్పుడు పాడె మీద కూడా మేం ఆయన ఎడమ కాలు చూశాం. మామ్మ పోయింది, తర్వాత అమ్మా పోయింది. ఆ గెడ్డలో ఇప్పుడు పీతలున్నాయో లేవో. ఉంటే వాటిని ఒక డెక్క అడిగి తీసుకునేవాళ్ళు లేరు.

“అమ్మమ్మా, తోకేమైంది?” మనవరాలు గదిలోంచి అరిచింది.

చూస్తే ఆగిపోయింది. ఎప్పుడాగిందో నేను గమనించలేదు. చేటలో వేసి మిరప మొక్క మొదట్లో పడేశాను. ట్యూబ్‌లైటు వెనక బల్లి కదిలింది. అంతలో ఫోను మోగింది, నా కూతురు.

“అమ్మా, పిల్ల సంగతి నువ్వన్నది ఆలోచించాను” అంటూ మొదలుపెట్టింది. నేనడిగినదానికి సరే అనడానికి దానికి ఎంత కష్టంగా ఉందో ఆ గొంతులోనే వినబడింది. నేను పూర్తిగా అననివ్వలేదు.

“దాని బట్టలు సర్దేశాను. గౌనులు రెండుసార్లు ఉతికాను. నువ్వు బేగి వచ్చీ” అన్నాను.

ఫోను పెట్టేశాక మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాను, మళ్ళీ ఎందుకు వెళ్ళానో గుర్తు లేదు. రేపు బస్సు దగ్గర పిల్ల ఒక చెయ్యి వాళ్ళమ్మ పట్టుకుంటుంది, ఇంకోటి నా చేతిలో ఉంటుంది. ముందు నేనే వదలాలి. ఎలా వదలాలో నాకు నేర్పినవాళ్ళు ఇద్దరున్నారు. అయినా ఈ పూట కాలు నిలవడం లేదు.